లోపలి తీగ

మంగళవారం సాయంత్రం రేడియో అనే పిల్ల తెచ్చిన సంచిలో తొమ్మిది బ్రాలు ఉన్నాయి. ఎనిమిది ఎవరివో సూదక్క చేత్తో తడిమే చెప్పేసింది. ఎడమ తీగ చంక కింద పొడుచుకొచ్చింది మందుల కొట్టు ఆవిడది. హుక్కుల పట్టీ ఒక పక్కకే సాగింది పంతులమ్మది. పదిహేనేళ్లుగా కుడిచెయ్యెత్తి బోర్డు మీద రాస్తోంది మరి. తొమ్మిదోది చేతిలోకి తీసుకుని ఆగిపోయింది.

ముదురు ఎరుపు. మంచి బట్ట. కప్పు కింద తీగ నడిచే గుడ్డ గొట్టాన్ని బొటనవేలితో నొక్కితే మెత్తగా వంగింది. లోపల ఉన్నది ఉక్కు కాదు, ప్లాస్టిక్ బద్ద. అదీ నడిమికి విరిగి ఉంది.

"ఇదెవరిదే?"

"ఎవరిదైతే ఏంటక్కా, కుట్టెయ్. ఎల్లుండికి కావాలంట. ఫ్యాక్టరీకి పెద్దాఫీసర్లు వస్తున్నారు. కొత్త కోటు వేసుకుంటుందంట, దాని కింద ఇదే కుదురుతుందంట."

"ఎవరు వేసుకుంటుంది?"

గడియారాల ఫ్యాక్టరీలో పెట్టెలు కట్టే ఆ పిల్లకి రేడియో అని పేరు పడింది ఆపడానికి మీట లేదనే. అలాంటిది, ఇప్పుడు పైటకొంగు వేలికి చుట్టుకుంటూ గోడవంక చూసింది.

"మా సూపర్‌వైజరమ్మది. నీ దగ్గరికని చెప్పలేదక్కా, ఒట్టు. మా వీధిలో ఒకావిడ కుడుతుందని అన్నానంతే. కోప్పడకు. నాకేమన్నా కాదనే ధైర్యముందా?"

కిటికీ పక్కన మంచం మీద కూర్చుని దారం కండెలు చుడుతున్న అత్తగారు తలెత్తింది. ఆవిడకు చూపు ఆనదు కానీ, ఇంట్లో గాలి మారితే మాత్రం ఇట్టే తెలుస్తుంది.

"ఏ సూపర్‌వైజరు? నిన్ను గేటు దగ్గర నిలబెట్టిందే, ఆ మహాతల్లేనా?"

ఆవిడే. చెప్పేదేముంది? ఆ ఫ్యాక్టరీ గేటు దాటి ఇంటికి వచ్చే ప్రతి ఆడదీ సాయంత్రం ఒక ఇనప చట్రం కిందనుంచి నడవాలి. చిన్న మరమేకు, సన్న స్ప్రింగు బయటికి పోకూడదని ఆ ఏర్పాటు. అది మోగితే తెర వెనక్కి వెళ్లి, లోపల వేసుకున్న తీగ బ్రా విప్పి బల్లమీద పెట్టి, మళ్లీ దాటాలి. ఏడు నెలల కింద, అక్కడే పనిచేస్తున్న సూదక్క దాటినప్పుడు మోగింది. ఆ రోజు తెర ఉంగరాలు ఊడి సగమే ఉంది. సూదక్క గోడవైపు తిరిగి విప్పింది. సూపర్‌వైజరమ్మ దాన్ని చేత్తో తాకలేదు. బల్లమీదున్న స్కేలు చివర తగిలించి పైకెత్తి, "ఇదా నువ్వు దాచుకుపోయే బంగారం! అతుకులే గానీ గుడ్డెక్కడుందీ?" అంది. తెల్ల బట్టకి నీలం దారంతో, పచ్చ దారంతో, దొరికిన దారంతోనల్లా వేసిన కుట్లు గాలిలో వేలాడాయి. లైనంతా నవ్వింది. మర్నాటినుంచి సూదక్క పనిలోకి పోలేదు.

"ఎల్లుండికి కదా," అంది సూదక్క. "ఇస్తాను. రేపు పొద్దుగూకే వేళకి వచ్చి తీసుకెళ్లు."

రేడియో ఊపిరి పీల్చుకుంది. "నీ మనసు వెన్న అక్కా."

"వెళ్లవే వెళ్లు," అంది అత్తగారు. "వెన్నో సున్నమో తర్వాత తెలుస్తుంది."

బుధవారం పొద్దున్నే సూదక్క స్నానం చేసి దేవుడి ముందు నిలబడింది. రోజూ అడిగేవి అడిగింది: భర్త నడిపే లారీ క్షేమంగా తిరిగి రావాలని, అత్తగారి కళ్లు ఉన్నంతవరకైనా నిలవాలని. ఆ తర్వాత వెంటనే కదలలేదు. నువ్వన్నీ చూస్తావంటారు కదా, అనుకుంది. ఆ రోజు గేటు దగ్గర కూడా చూసే ఉంటావు. చూసి ఏం చేశావు? నువ్వేం చెయ్యకపోతే, నా చేతికి అందించిందాన్ని నేను వాడుకోవడం తప్పా?  అటునుంచి వద్దనే మాటైతే వినపడలేదు.

కిటికీ కిందికి బల్ల జరుపుకుని కూర్చుంది. ఎరుపు బ్రాని కప్పులో కప్పు మడిచి ముందు పెట్టుకుంది. అది ఆమె పద్ధతి. ఎవరిదైనా సరే, ఒక తెల్లగుడ్డలో చుట్టి తీసుకుంటుంది, ఆ గుడ్డలోనే చుట్టి ఇస్తుంది. ఇంటికి వచ్చిన ఇంకొకరి కంట పడనివ్వదు.

గొట్టం చివర కంపెనీవాళ్లు వేసిన గట్టి కుట్టుని కుట్లు విప్పే ముల్లుతో ఒక్కొక్క పోగే తెంపింది. విరిగిన బద్ద రెండు ముక్కలూ లాగి పక్కన పెట్టింది. ఇక ఇందులోకి కొత్తది ఎక్కించాలి.

మొదట వచ్చిన ఆలోచన చాలా తేలికైంది. తీగ కత్తిరించాక చివరని ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, గోళ్లరంగు మూడు పూతలు వేసి ఆరబెడుతుంది తను. ఈ ఒక్కదానికి అరగదీయకపోతే సరి. పది గంటలకి చంక కింద గీరుకోవడం మొదలవుతుంది. పన్నెండుకి గుడ్డని చీలుస్తుంది. రెండుకి చర్మాన్ని. పెద్దాఫీసర్ల ముందు చెయ్యెత్తితే కెవ్వుమనాలి.

తీగని కత్తిరించింది కూడా. వాడి అంచుని బొటనవేలి మీద ఆనించి చూసుకుంది. సన్నగా రక్తం చుక్క తేలింది. ఎంత హాయిగా అనిపించిందో ఆమెకే ఆశ్చర్యమేసింది.

కానీ ఎక్కించబోయేసరికి చెయ్యి కదలలేదు. జాలి కాదది. ఈ చేతుల్లోంచి ఇంతవరకు గుచ్చుకునే బట్ట ఒక్కటీ బయటికి పోలేదు. ఆవిడ కోసం తన పని పాడుచేసుకోవాలా? "అతుకులే గానీ గుడ్డెక్కడుందీ" అన్న నోటికి, నిజంగానే చెడిపోయిన కుట్టుని చేతికిచ్చి మరీ రుజువు చూపించాలా?

"ఏమే, చప్పుడు ఆగిపోయింది," అంది అత్తగారు.

"ఆలోచిస్తున్నానత్తయ్యా."

"ఆవిడ సంగతా? నేనైతేనా, దురదగుంట ఆకు రాసి పంపేదాన్ని."

సూదక్క నవ్వింది. నవ్వుతూనే లేచి, పెట్టె అడుగునుంచి తన పాత తెల్ల బ్రాని తీసింది. అదే, స్కేలు చివర వేలాడింది. ఆ రోజు తర్వాత ఒంటిమీద వేసుకోలేదు, పారెయ్యనూ లేదు. దాని రెండు తీగలూ లాగింది. అసలైన ఉక్కు. ఎరుపు కప్పు వంపుకి ఆనించి కొలిచింది. వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయాయి. తనదీ ఆవిడదీ ఒకటే కొలత. ఆ సంగతి ఆమెకు నచ్చలేదు.

సూపర్‌వైజర్లు ప్లాస్టిక్ బద్దలవే వేసుకుంటారు. కొనుక్కోగలరు, పైగా ఏది మోగుతుందో ఏది మోగదో వాళ్లకే బాగా తెలుసు. ఉక్కు తీగల మీద నిలబడేది పది గంటలు నిలుచుని పనిచేసే ఆడవాళ్లు. చవకవి అవే.

చెడ్డ పని చెయ్యను, అనుకుంది సూదక్క. మంచి పనే చేస్తాను. ఇంత మంచి పని ఆవిడ ఒంటిమీదికి ఎప్పుడూ వచ్చుండదు.

తీగ చివరల్ని అద్దంలా అరగదీసింది. గోళ్లరంగు మూడు పూతలు కాదు, అయిదు వేసింది. ("తీగలకి సింగారమూ, నాకు చూస్తే కాటుకైనా దిక్కులేదూ," అని గొణిగింది అత్తగారు, ఆ వాసనకి.) రెండో కప్పులో బద్దని కూడా తీసేసి, గొట్టాల్లోకి నెమ్మదిగా నడిపి, చివర గోరంత ఖాళీ వదిలింది, ఖాళీ లేకపోతే తీగ గుడ్డని పొడుస్తుంది. పైన మెత్తని పట్టీ ముక్క రెండు మడతలు వేసి, ఎరుపులో కలిసిపోయే ఎరుపు దారంతో మూడు అడ్డం, మూడు నిలువు, మళ్లీ మూడు అడ్డం కుట్టింది. ఆ కుట్టు ఎవరూ నేర్పింది కాదు, తనే కనిపెట్టుకుంది. పళ్లతో దారం తెంపి, తెల్లగుడ్డలో చుట్టింది.

సాయంత్రం రేడియో వచ్చి తీసుకుపోయింది. సూదక్కకి ఆ పూట అన్నం రుచిగా ఉంది.

గురువారం దీపాలు పెట్టే వేళ దాటింది. రేడియో రాలేదు. సూదక్క ఒక హుక్కు కుట్టి విప్పి, మళ్లీ కుట్టింది. ఇంకో అరగంటకి మెట్ల మీద పరుగు వినిపించింది.

"అక్కా! అక్కా, మోగింది!"

"ఏం మోగింది?" అంది సూదక్క. సూది వదల్లేదు.

"గేటక్కా! సూపర్‌వైజరమ్మకి! మోగడమంటే అలా ఇలానా, చెవులు గింగురుమన్నాయి. పెద్దాఫీసర్లిద్దరూ అక్కడే ఉన్నారు. మేనేజరు 'అందర్నీ ఒకలాగే చూస్తామండీ' అని అప్పుడే చెబుతున్నాడు వాళ్లకి. ఈవిడ వెనక్కొచ్చి మళ్లీ దాటింది. మళ్లీ మోగింది. కాపలా ఆవిడ తెర చూపించి, 'మీరు పెట్టిన రూలే కదా మేడమ్' అంది."

సూదక్క ముందుకి వంగింది. "తర్వాత?"

"మేం అందరం చూస్తున్నాం. ఆవిడ మొహం సున్నం కొట్టినట్టయిపోయింది. తెరదాకా వెళ్లింది. చెయ్యి తెర మీద పెట్టింది. పెట్టి, ఇటు తిరిగి..." రేడియో తనే అటునుంచి ఇటు తిరిగి చూపించింది. "'తియ్యను' అందక్కా! 'పదకొండేళ్లు పనిచేశాను. నా ఒంటిమీద గుడ్డ మీకు విప్పి చూపించను' అంది. ఒళ్లు జలదరించిందనుకో. నా వెనకనుంచి ఎవరో 'మేమూ తియ్యం' అన్నారు. ఎవరో ఏంటి, నేనే అన్నానేమో! ఇక లైనంతా అదే మాట. బస్సులు ఆగిపోయాయి. గంటన్నర ఒక్కరు కదిలితే ఒట్టు. ఆఫీసరొకాయన మేనేజరు చెవిలో ఏదో అడిగాడు. మేనేజరు కళ్లద్దాలు తుడుచుకుంటూ నిలబడ్డాడు. చివరికి అందర్నీ వదిలేశారు. రేపట్నుంచి విప్పించడం లేదంట, తెర తీసేస్తారంట. ఎంత చప్పట్లు కొట్టామో! దేవతలా నిలబడిందక్కా!"

 అత్తగారి కండె మంచం మీంచి దొర్లి నేలమీద పడింది. ఎవరూ తియ్యలేదు.

సూదక్క కుట్టు పక్కన పెట్టింది. తను విసిరిన రాయి ఆవిడ తలకి తగలలేదు. కిరీటమై కూర్చుంది.

"ఏమే," అంది నెమ్మదిగా. "నేను ఆ బల్ల దగ్గర నిలబడ్డ రోజు నువ్వు ఎక్కడున్నావు?"

రేడియో అర్థంకానట్టు చూసింది. తర్వాత అర్థమైంది. "లైనులో. నీ వెనకాలే."

"నవ్వావా?"

రేడియో పైటకొంగు మళ్లీ వేలికి చుట్టుకుంది.

"నవ్వానక్కా," అంది చివరికి. "అందరూ నవ్వుతుంటే నవ్వాను."

"వెళ్లు. పొద్దుపోయింది."

శుక్రవారం సూదక్క పనేమీ చెయ్యలేదు. దేవుడి ముందు నిలబడింది గానీ ఏమీ అడగలేదు. ఒకే మాట లోపల తిరుగుతోంది: 'తియ్యను' అనడానికి వీలుందా? అంత చిన్న మాటేనా?

శనివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. అత్తగారు కునుకు తీస్తోంది. తలుపు తీస్తే ఎదురుగా సూపర్‌వైజరమ్మ. కోటు లేకుండా, చేతిలో కాగితపు పొట్లంతో, ఆవిడ సూదక్క అనుకున్నంత పొడుగు లేదు.

"నువ్వే కదా," అంది. "లోపలికి రావచ్చా?"

సూదక్క పక్కకి జరిగింది. కూర్చోమనలేదు. ఆవిడే ముక్కాలిపీట లాక్కుని కూర్చుని పొట్లం విప్పింది. ఎరుపు గొట్టం చివర కుట్టు మీద వేలు పెట్టింది.

"మూడు అడ్డం, మూడు నిలువు, మూడు అడ్డం. ఆ రోజు స్కేలు మీద ఎత్తినప్పుడు కళ్ల ముందు వేలాడింది ఇదే. నీలం దారంతో. ఇంటికెళ్లి విప్పబోయి చూశాను, గుర్తొచ్చింది."

"గుర్తుందన్నమాట."

"ఉంది." ఆవిడ తల వంచుకుంది. "సోమవారంనుంచి నన్ను రెండో ఫ్యాక్టరీకి మార్చారు. ఊరవతల. ఈ గొడవకి బహుమానం. అక్కడా గేటుంది, తెరుంది. ఇందులో ఉక్కు తీసి ప్లాస్టిక్‌ది వేసివ్వు. ఇంకోటి... ఇది నువ్వు చేశావని ఎవరికీ చెప్పకు."

"ఎందుకు చెప్పకూడదు?"

"నేను ధైర్యంగా నిలబడ్డానని అనుకుంటున్నారు వాళ్లు. ధైర్యం కాదు అది. తెర మీద చెయ్యి పెట్టాను, వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గులో నోటికి వచ్చిన మాట అది. పదకొండేళ్లలో నాకు ఎవరైనా చప్పట్లు కొట్టింది మొన్నే."

"నాకూ సిగ్గేసింది ఆ రోజు," అంది సూదక్క. "మాట మాత్రం రాలేదు. రూలు కదా అనుకున్నాను."

సూపర్‌వైజరమ్మ కుట్టు మీంచి వేలు తీసింది.  "రూలు కాదది."

"ఏంటి?"

"పుస్తకంలో అలా లేదు. మోగితే చేతి మిషను పెట్టి పైపైన చూడమనే ఉంది. ఒక్కొక్కరికీ అయిదు నిమిషాలు పట్టేది. లైను కదలడం లేదని మేనేజరు అరిచేవాడు. విప్పించడం నేను పెట్టింది. బాగా నడుస్తోందని రెండో ఫ్యాక్టరీవాళ్లూ నేర్చుకుపోయారు. నువ్వు ఆ రోజు కాదని ఉంటే..." ఆవిడ ఆగింది. "నేనేమీ చెయ్యగలిగేదాన్ని కాదు."

సూదక్క లేచి నిలబడింది. కిటికీలోంచి వీధి చూసింది. ఎదురు మేడ మీద ఎవరో దుప్పటి దులుపుతున్నారు. ఏడు నెలలు. ఏడు నెలలుగా వీధిలోకి వెళ్లాలంటే ఇటూ అటూ చూసుకుంటోంది, ఆ లైనులోవాళ్లు ఎవరైనా ఎదురవుతారేమోనని. లేని రూలుకి.

కోపం ఇదివరకు ఒంటినిండా ఉండేది. ఇప్పుడు అంతా ఒకచోట చేరి గట్టిపడింది. ఎంత గట్టిపడిందంటే, గొంతు చాలా మామూలుగా వచ్చింది.

"తియ్యను," అంది.

"ఏంటి?"

"ఉక్కు తియ్యను మేడమ్. గుచ్చుకుంటోందా?"

"లేదు. గుచ్చుకోవడం లేదు. అసలు... ఇంత సుఖంగా ఉన్నది నేనెప్పుడూ వేసుకోలేదు."

"గుచ్చుకోదు. పదేళ్లు ఉంటుంది. సోమవారం అదే వేసుకుని రెండో ఫ్యాక్టరీ గేటు దాటండి. మోగుతుంది. తెర చూపిస్తారు. ఇక్కడ అన్న మాటే అక్కడా అనండి. ఈసారి నోరు జారి కాదు, తెలిసి అనండి. అలా చేస్తే నేను ఎవరికీ ఏమీ చెప్పను. తీసేసి దాటారో, ప్లాస్టిక్‌ది వేసుకుపోయారో, లేని రూలు పెట్టింది ఎవరో లైనంతటికీ చెబుతాను. రేడియో చెవిలో వేస్తే చాలు, నేను గుమ్మం కూడా దిగక్కర్లేదు."

సూపర్‌వైజరమ్మ చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. అందులో మెత్తనిది ఏదైనా ఉందేమోనని వెతికినట్టు చూసింది.

"అక్కడ నన్నెవరూ ఎరగరమ్మా. కొత్తదాన్ని. నా వెనక ఎవరూ నిలబడకపోతే?"

"నా వెనక ఎవరు నిలబడ్డారు?"

ఆవిడ పొట్లం కట్టుకుంది. చేతులు వణుకుతున్నాయేమో, కాగితం రెండుసార్లు జారింది. సూదక్క చూస్తూ నిలబడింది. ఆ వణుకు చూడాలనే కదా ఏడు నెలలు కోరుకుంది! కళ్లారా చూసింది. తర్వాత బల్లమీద ఉన్న తెల్లగుడ్డ తీసి, ఆవిడ చేతిలోంచి దాన్ని తీసుకుని, కప్పులో కప్పు మడిచి చుట్టి ఇచ్చింది. పని పద్ధతి అది. అంతకంటే ఇంకేమీ లేదు.

ఆవిడ మెట్లు దిగాక అత్తగారు కళ్లు తెరవకుండానే అంది. "ఉత్తినే పంపించావా?"

"లేదత్తయ్యా. ఉక్కుతోనే పంపించాను."

"ఊఁ. పాపం, కాళ్లు ఈడ్చుకుంటూ దిగింది."

"పాపమా? మీరే కదా దురదగుంట ఆకన్నారు?"

"అన్నాను. ఆకు దురద పూటకి పోతుందే అమ్మాయ్."

సోమవారం పొద్దంతా సూదక్క పన్నెండు హుక్కులు కుట్టింది. తెర తీసేశారని తెలిసి ఫ్యాక్టరీ ఆడవాళ్లు పెట్టెల అడుగున దాచినవన్నీ బయటికి తీసి పంపించారు. బల్లమీద తీగలు, పట్టీలు గుట్టపడ్డాయి. పనిచేస్తూ మధ్యమధ్య గడియారం చూసింది. ఇది పగా, న్యాయమా అని పొద్దున దేవుణ్ని అడగబోయి, పగైతే ఆపమంటాడేమోనని భయపడి అడగలేదు.

ఏడవుతుండగా రేడియో వచ్చింది. పరుగు లేదు. మెట్లు ఒక్కొక్కటే ఎక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది. గురువారంనుంచి ఆ పిల్ల గుమ్మం దాటి లోపలికి రావడం లేదు.

"మా చిన్నాన్న కూతురు రెండో ఫ్యాక్టరీలో పనిచేస్తుంది కదక్కా. ఫోను చేసింది. సూపర్‌వైజరమ్మకి అక్కడా మోగిందంట."

"ఊఁ."

"తియ్యను అందంట."

"ఊఁ."

"ఎవరూ మాట్లాడలేదంటక్కా. మా చెల్లీ మాట్లాడలేదంట. గేటు పక్కన స్టూలేసి కూర్చోబెట్టారంట, లైను మొత్తం అయ్యేదాకా. నాలుగొందల మంది. ఒక్కొక్కరే ఆవిడ ముందునుంచి దాటారంట. కొందరు నవ్వారంట. ఆవిడ సంచీ ఒళ్లో పెట్టుకుని, ఎదురుగా చూస్తూ కూర్చుందంట. అందరూ వెళ్లాక వదిలారు."

సూదక్క సూది గుడ్డలోనే ఆగింది. నాలుగొందల మంది. తన లైనులో ఉన్నది అరవై మందే. వడ్డీతో సహా తీరింది. ఈ మాట వినగానే లోపల ఏదో చల్లబడాలి. అది చల్లబడుతుందేమోనని చూసింది.

"లేచి వెళ్లేటప్పుడు కాపలావాళ్లతో ఒక మాటందంట," అంది రేడియో. "'రేపూ ఇదే వేసుకొస్తాను, స్టూలు తీయకండి' అని."

"రేపా?"

"రేపు. ఎల్లుండీనంట."

సోమవారం ఒక్కరోజనే తను అడిగింది. రేపటి సంగతి తను అడగలేదు. అది ఆవిడ సొంతం.

కిటికీ అవతల వీధి దీపాలు వెలిగాయి. సూదక్క సూదిని దిండుకి గుచ్చి, ఒళ్లో రాలిన దారపు ముక్కల్ని దులుపుకుంది.

"అక్కడ గేటు ఎన్నింటికి వదుల్తారే?"

"అయిదున్నరకి. ఎందుకక్కా?"

"రేపు పని అర్ధగంట ఎగ్గొట్టి నాతో రాగలవా?"

రేడియో గుమ్మం దాటి లోపలికి ఒక అడుగు వేసింది. "వస్తాను. పూటంతా మానేసైనా వస్తాను. మన్నించావా అక్కా ఆవిణ్ని?"

"లేదు," అంది సూదక్క. "నిన్ను కూడా లేదు."

మంచం మీంచి అత్తగారు అడిగింది. "మరి అంతదూరం పోయి ఏం చేస్తావే? లోపలికి రానిస్తారా ఏమన్నానా?"

"బయటే ఉంటానత్తయ్యా. కటకటాల ఇవతల, స్టూలుకి వెనక."

"ఉండి?"

"నిలబడతాను," అంది సూదక్క.

లేచి అన్నం వండడానికి లోపలికి వెళ్లింది.